ఇంటిపేరుతో సహా

మా బావని బజారంతా మెట్టు మాస్టారు అనేది. ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పినవాడు కాదు. కంప్యూటర్లు విప్పి బిగించే చిన్న కొట్టు నడిపేవాడు. ప్రాసెసర్‌కి వోల్టేజీ పెంచిన ప్రతిసారీ తనలో తాను "ఇంకొక్క మెట్టు" అనుకునేవాడు, అది బయటికి వినపడేది. విన్నవాళ్ళు ఊరుకుంటారా, పేరు పెట్టేశారు. ఆయన మా అక్క భర్త. నేను ఆయనకి ఒక్కగానొక్క మరదల్ని. ఆయన గురించి చెప్పేటప్పుడు కాస్త ఎగతాళి కలిస్తే అది నా తప్పు కాదు, వరస అలాంటిది.

కొట్టు ఒక రెండంతస్తుల మేడలో మెట్ల కింద ఉండేది. ముందువైపు నిటారుగా నిలబడొచ్చు, లోపలికి వెళ్ళేకొద్దీ తల వంచాలి, చివరికి కూర్చోక తప్పదు. బావ పనిబల్ల ఆ చివర్లోనే. పైన ఎవరు మెట్లెక్కినా మన నెత్తి మీద నడిచినట్టే ఉండేది. చెక్క అరల నిండా తీగలు, ఫ్యాన్లు, తలుపుల్లేని క్యాబినెట్లు. ఊడదీసిన మరలు వేసుకోవడానికి నేను ఆసుపత్రి నుంచి తెచ్చిన మందుసీసాల మూతలు వరసగా పెట్టుకునేవాడు. నేను నర్సుని. మా ఇంట్లో నా ఉద్యోగం వల్ల బావకి జరిగిన మేలు ఆ మూతలే.

ఆ రోజుల్లో మంచి ప్రాసెసర్ కొనాలంటే మామూలు మనిషికి తలప్రాణం తోకకొచ్చేది. బావ దగ్గరికి వచ్చేవాళ్ళంతా మామూలు మనుషులే. ఇళ్ళ ప్లాన్లు గీసేవాడు, ఫోటో స్టూడియోవాడు, పెళ్ళికార్డులు అచ్చువేసే ఆవిడ, ఆటల పిచ్చి పట్టిన కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళకి తక్కువరకం ప్రాసెసర్, అంతకంటే తక్కువరకం మదర్‌బోర్డు కొనిపించి, దాన్ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరిగెత్తించేవాడు బావ. "కంపెనీవాడు భయస్థుడు. పరిగెత్తగలిగినదాన్ని పట్టుకుని నడువు చాలంటాడు" అనేవాడు.

పరిగెత్తాలంటే తిండి కావాలి కదా, ఆ తిండే వోల్టేజీ. చాలకపోతే కంప్యూటర్ మధ్యలో బిగుసుకుపోతుంది. ఎక్కువైతే వేడెక్కుతుంది. ప్రాసెసర్ నెత్తిన ఎలాగూ ఫ్యాను తిరుగుతుంది, దాని బాధ లేదు. బాధంతా దాని పక్కనుండే చిన్న చిన్న నల్ల ముక్కలది, కాయిళ్ళది. కరెంటుని పదును చేసి ప్రాసెసర్‌కి అందించేవి అవే. ఖరీదైన బోర్డుల్లో వాటి నెత్తిన వేడి లాగేసే అల్యూమినియం దిమ్మ ఉంటుంది. చవకబోర్డులో ఏమీ ఉండదు, ఉన్న ముక్కలు కూడా సగమే. ఇక వోల్టేజీని బోర్డు ఇష్టానికి వదిలేశామా, వంట రానివాడు ఉప్పు వేసినట్టు గుమ్మరించేస్తుంది. అందుకని బావ చేత్తోనే పెంచేవాడు. ఒక్కో మెట్టూ వోల్టులో నలభయ్యో వంతు. ఇదంతా నాకెలా తెలుసంటే, అన్నం తింటున్నప్పుడు కూడా ఆయన ఇదే చెప్పేవాడు కాబట్టి.

ఆయన పద్ధతి ఒకటుండేది. మెట్టు పెంచాక కంప్యూటర్‌కి బరువైన పని అప్పగించి, వీధి చివరి బడ్డీకి వెళ్ళి టీ తాగి వచ్చేవాడు. వచ్చాక వేలు మడిచి, వేలి వెనకభాగాన్ని ఆ నల్లముక్కల మీద ఆనించి, ఆ కంప్యూటర్ ఎవరిదో వాళ్ళ పేరు ఇంటిపేరుతో సహా నెమ్మదిగా చెప్పేవాడు. పేరు పూర్తయ్యేదాకా వేలు ఆనించి ఉంచగలిగితే సరే, ఆ మెట్టు ఖాయం. మధ్యలో వేలు తీసేయాల్సి వస్తే ఒక మెట్టు దిగేవాడు. తెర మీద వేడి చూపించే అంకెలుండేవి, కానీ అవి ప్రాసెసర్ సంగతే చెప్పేవి. పక్కనున్న పేదముక్కల గోడు వినడానికి చవకబోర్డులో ఏ ఏర్పాటూ ఉండదు.

దీనివల్ల పొట్టిపేర్లవాళ్ళకి వేగమైన కంప్యూటర్లు, పొడుగుపేర్లవాళ్ళకి నిదానమైనవి వస్తాయని బజార్లో జోకు. ప్లాన్లు గీసేవాడి పేరు పలకడానికే ఒకసారి ఊపిరి పీల్చుకోవాలి. అతను ఒకరోజు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. "మాస్టారూ, పక్కింటివాడిదీ నాదీ ఒకే సరుకు కదా. వాడిది ముందు తెరుచుకుంటుందేంటి?" అన్నాడు.

"మీ పేరు పొడుగండీ. అంతసేపు నా వేలు ఆగట్లేదు" అన్నాడు బావ, నవ్వకుండా.

"అయితే నా పేరులో సగం చెప్పండి."

"సగం పేరు చెబితే సగం రోజులే పనిచేస్తుంది మరి. మీ ఇష్టం."

అతను కాసేపు ఆలోచించి, అలాగే ఉండనీయండి అని వెళ్ళిపోయాడు. ఆ పద్ధతి ఎందుకని నేనోసారి అడిగాను. బావ ఎప్పుడూ ఏదో ఒక వంకర సమాధానం చెప్పే మనిషి, ఆ రోజు మాత్రం తిన్నగా చెప్పాడు. "ఎవరి వస్తువో గుర్తుండాలి మరదలా. లేకపోతే నా చెయ్యి ఆగదు."

నిజంగానే ఆగేది కాదు, ఆ సంగతి అక్కకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్క ఇంట్లోనే పెళ్ళిళ్ళ వీడియోలు కత్తిరించి అతికే పని చేసేది. ముందుగదిలో కిటికీ పక్కన దాని కంప్యూటర్. క్యాసెట్లో ఉన్న బొమ్మని లోపలికి లాక్కునే కార్డు ఒకటి చాలా ఖరీదు పెట్టి కొన్నారు. ఆ కార్డుకే చేతిలో ఉన్నదంతా అయిపోయి, బోర్డు మాత్రం అన్నిటికంటే చవకది పెట్టారు. అక్కకి వేగం అక్కర్లేదు, పని మధ్యలో ఆగకపోతే చాలు. బావకి అది ఎంత చెప్పినా ఎక్కేది కాదు. అక్క స్నానానికి వెళితే చాలు, వోల్టేజీ మార్చే నీలంతెర తెరిచి ఒక మెట్టు ఎక్కించేవాడు. అక్క తల తుడుచుకుంటూ గది బయట నుంచే ఫ్యాను చప్పుడు విని పట్టేసేది.

"ఏమండీ, మళ్ళీ వేలు పెట్టారా?"

"లేదే. గాలి కోసం కిటికీ తీశాను."

"కిటికీ తీస్తే ఫ్యాను ఎందుకలా ఏడుస్తుంది? దించండి ముందు."

దించేవాడు. మర్నాడు మళ్ళీ ఎక్కించేవాడు. వాళ్ళ కాపురంలో పోట్లాటంటే అదే, అంతకుమించి నేను చూడలేదు. ఆ ముందుగదిలో చాప మీద పడుకుని వాళ్ళ వాదన వింటూ నిద్రపోయిన మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. అంత హాయైన నిద్ర మళ్ళీ పట్టలేదు.

ఇక మా నాన్న. లేత్ మిషను మీద ఇనుము చెక్కి బతికిన మనిషి. ఆయన దృష్టిలో మిషనంటే నూనె వాసన రావాలి. అది రానిదేదైనా డబ్బానే. బావ కొట్టుని డబ్బాల కొట్టు అనేవాడు, వచ్చినా గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. మనుషులు కూడా ఆయనకి రెండే రకాలు, చెయ్యున్నవాడు, చెయ్యిలేనివాడు. ఎవరైనా పనిమంతుణ్ణి చూస్తే "వాడు చెయ్యున్నవాడు" అనేవాడు, అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట్లో లేదు. బావని ఎప్పుడూ ఏ రకమో చెప్పలేదు. ఎదురుపడితే "ఊఁ, డబ్బాలు ఎలా ఉన్నాయి" అనేవాడు. బావ నవ్వేసేవాడు కానీ, మామగారి నోట ఒక్క మంచిమాట వినాలని లోపల్లోపల ఎంత ఉండేదో మాకు తెలుసు. నాన్న వస్తున్నాడంటే ఆ రోజు కొట్టు రెండుసార్లు ఊడ్చేవాడు.

నా పెళ్ళి సాదాగా జరిగింది. పొద్దున సంతకాలు, మధ్యాహ్నం అద్దె హాల్లో భోజనాలు. వీడియో అక్కే తీసింది, ఇంట్లో మనిషి ఉండగా బయటివాణ్ణి పిలవడం ఎందుకని. నాన్న మర్నాడు పొద్దున్నే బస్సుకి తన ఊరు వెళ్ళిపోవాలి. అప్పుడు బావ నలుగురిలో మాట ఇచ్చేశాడు. "మామగారూ, మీరు బస్సెక్కేలోపు పెళ్ళి మొత్తం తెరమీద చూపిస్తాను."

నాన్న "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ బావ చెవిలో ఇల్లు కట్టుకుంది. చూద్దాంలే నీ డబ్బాల సంగతి అని దాని అర్థమట. ఒక్క అక్షరానికి అంత అర్థం తీసిన పండితుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

భోజనాలవగానే ఇంటికొచ్చి క్యాసెట్లలో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. మర్నాటి పని ఒకటి ఒప్పుకుని ఉండడంతో అక్క ఆ క్యాసెట్లే చెరిపి సిద్ధం చేసుకుంది. ఎలాగూ లోపల ఉందిగా అనుకుంది. బొమ్మలన్నీ కత్తిరించి అతికి, చివరికి ఒకే సినిమాగా అల్లమని కంప్యూటర్‌కి చెబితే, అది మర్నాడు మధ్యాహ్నానికి గానీ కాదని లెక్క చూపించింది. నాన్న బస్సు పొద్దున.

బావ ఒక మెట్టు ఎక్కించాడు. టీకి వెళ్ళలేదు. వేగం కాస్త పెంచి ఇంకో మెట్టు ఎక్కించాడు. అప్పుడైనా వేలు పెట్టి పేరు చెప్పాల్సింది, చెప్పలేదు. మన మిషనే కదా, సొంతదానికి పేరెందుకు అనుకున్నానని తర్వాత అన్నాడు. మూడో మెట్టు ఎక్కించేటప్పటికి అక్క వంటింట్లో మా అత్తవారికి కాఫీలు కలుపుతోంది. పొద్దుగూకే వేళ ముందుగదిలోంచి చిన్న చప్పుడు, ఆ వెనకే మాడిన వాసన వచ్చాయి. మేమంతా పరిగెత్తుకెళ్ళేసరికి తెర నల్లగా ఉంది. బావ క్యాబినెట్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

పొద్దున్నే నాన్న ముందుగదిలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, తెర ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. అక్కే చెప్పింది, బోర్డు కాలిపోయింది నాన్నా అని. నాన్న ఆ నల్లటి తెర వైపు కాసేపు చూసి, "బస్సు టైమైంది" అని లేచాడు. అంతే. ఆ చలికాలం దాటకుండానే నాన్న పోయాడు. ఆయన ఫోటోలు మా దగ్గర చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ పెళ్ళి వీడియోలో తప్ప ఎక్కడా లేదు.

డిస్కు బాగానే ఉంది. కార్డు కూడా బతికింది. ప్రాసెసర్ చచ్చిబతికింది, అంత వోల్టేజీ తాగాక దానికి మునుపటి ఓపిక లేదు. ఆ కార్డుతో లాక్కున్న బొమ్మలు ఆ కార్డు ఉంటేనే కదులుతాయి, వేరే కంప్యూటర్‌కి అవి అర్థం కావు. కార్డు పట్టే బోర్డులేమో ఆ మరుసటి ఏడాదికే బజార్లో మాయమయ్యాయి. బావ డిస్కునీ కార్డునీ ప్రాసెసర్నీ ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, చేస్తాను, చేస్తాను అన్నాడు. ఏడాదికోసారి డబ్బా తీసి, మూత తెరిచి చూసి, మళ్ళీ కొట్లోని అటక మీద పెట్టేవాడు. బోర్డు దొరకలేదనేది సగం నిజం. దొరికి, పెట్టి, ఆ మిగిలిన ప్రాసెసర్ కూడా పోతే ఇక అడగడానికి ఏమీ ఉండదని ఆయన భయం.

ఆ తర్వాత బావ ఎవరి కంప్యూటర్‌కీ మెట్టు ఎక్కించలేదు. ఎవరైనా అడిగితే, "కంపెనీవాడు చెప్పిందే మంచిదండీ" అనేవాడు. పేరు మాత్రం మెట్టు మాస్టారుగానే ఉండిపోయింది. అక్క కూడా వీడియోల పని మానేసి ఒక బడి ఆఫీసులో చేరింది. నేనొక్కదాన్నే మారలేదు. ప్రతి పెళ్ళిరోజుకీ ఫోను చేసి, "బావా, నా సినిమా రిలీజెప్పుడు?" అని అడిగేదాన్ని. ఆయన "సెన్సారులో ఉంది మరదలా" అనేవాడు. ఇద్దరం నవ్వేవాళ్ళం. ఫోను పెట్టేశాక ఆయన నవ్వేవాడు కాదని అక్క చెప్పేది.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. ఈమధ్య ఆ మేడ పడగొడుతున్నాం, ఖాళీ చేయండని ఇంటి ఓనరు చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కొట్టు సర్దడానికి వెళ్ళాం. అటక మీద సామాన్లు దింపుతుంటే, అన్నిటికంటే కింద, కవరు కూడా చింపని పాత బోర్డు ఒకటి దొరికింది. బావ దాన్ని వెలుతురులోకి తెచ్చి చూసి అక్కడే కూర్చుండిపోయాడు. కాలిపోయినదానికి అచ్చం తోబుట్టువు. ఎవరో కస్టమరు తీసుకుంటానని తీసుకోక వదిలేసిన సరుకు.

"పెట్టండి" అంది అక్క.

"ఇప్పుడెందుకులేవే. ఇంటికెళ్ళాక చూద్దాం."

"ఇంటికెళితే అటకెక్కిస్తారు. ఇక్కడే పెట్టండి."

అసలు అడ్డంకి ఇంకొకటి ఉంది. బావకి చాలా ఏళ్ళుగా షుగరు. వేళ్ళకి స్పర్శ పోయింది. కిందటేడు నేనే కళ్ళు మూసుకోమని, సూదిమొనతో వేలికొసలు తాకి ఎక్కడో చెప్పమన్నాను. అన్నీ తప్పే చెప్పాడు, పైగా నమ్మకంగా చెప్పాడు. వేడి వస్తువు పట్టుకుని బొబ్బలెక్కాక చూసుకునే మనిషి ఆ నల్లముక్కల మీద వేలు పెట్టి ఏం లాభం? ఆ సంగతి ఆయన అనలేదు. చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చున్నాడు.

అక్క చూసింది. ఆయన స్టూలు పక్కకి ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. "మీరు చెప్పండి. వేలు నేను పెడతాను."

బిస్కెట్ డబ్బా దింపి అందులోవన్నీ ఆ బోర్డుకి పెట్టాం, మరలు నేను బిగించాను. బావకి చూపించాలని మా అబ్బాయి లాప్‌టాప్ తెచ్చుకున్నాను కాబట్టి, కార్డు బొమ్మని ఆడిస్తుంటే పక్కనుంచి పట్టుకునేలా తీగ కలిపాం. కంప్యూటర్ లేచింది. డిస్కు కిర్రుమని తిరిగింది. నాన్న ఉన్న ముక్క ఎక్కడుందో అక్కకి గుర్తే, హాలు బయట గోడ పక్కన, పాత లేత్ స్నేహితుడితో. ఏం మాట్లాడాడో మాత్రం గుర్తులేదట. కెమెరా వెనక ఉన్నవాళ్ళకి బొమ్మ తిన్నగా వస్తోందా లేదా అన్నదే ధ్యాస. ఆ ముక్క తెరవగానే నాన్న వీపు కనపడింది, తల ఇటు తిప్పబోయాడు, తెర బిగుసుకుపోయింది.

"ఆకలి దానికి" అన్నాడు బావ. వేగం తగ్గించి చూశాడు. బొమ్మ కదిలింది కానీ మాట ముక్కలు ముక్కలైంది. మాట లేని నాన్న మాకు ఫోటోల్లో ఉండనే ఉన్నాడు. వేగం మళ్ళీ యథాస్థానానికి తెచ్చి, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు తీగలు పట్టుకోమని నాకిచ్చి, నీలంతెరలో ఒక మెట్టు ఎక్కించాడు. తన పాత మాట మాత్రం పైకి అనలేదు. దానికి వేరే బరువైన పని అప్పగించి, టీకి వెళదాం పదండన్నాడు.

పాత బడ్డీ లేదు, దాని చోట ఇంకెవరిదో కొట్టు. అక్కడే నిలబడి తాగి వచ్చాం. అక్క వేలు మడిచి వెనకవైపు ఆనించింది. "ఎవరి పేరు చెప్పాలి?"

"ఎవరి మిషనైతే వాళ్ళది."

అక్క ఒక్క క్షణం ఆలోచించి నాన్న పేరు చెప్పింది. గబగబా అనేసింది.

"అలా పరిగెత్తకు" అన్నాడు బావ. "పెద్దాయన పేరు. మర్యాదగా చెప్పు."

మళ్ళీ చెప్పింది, ఇంటిపేరుతో సహా, బళ్ళో హాజరు పిలిచినట్టు నింపాదిగా. ఎన్నేళ్ళయిందో ఆ పేరు నిండుగా విని. మా ఇద్దరికీ ఆయన నాన్నే, బావకి మామగారే. వేలు తీయలేదు. "పాలగిన్నె దింపి కాసేపయ్యాక ఉండే వేడి" అంది. బావ తలూపాడు. ఈసారి నాన్న తల ఇటు తిరిగింది. నెరిసిన మీసం కనపడింది. "మా పె" అన్నాడు. అంతే, ఆగిపోయింది.

ఆ రెండు అక్షరాలు మెట్ల కింద గదిలో ఇంకా వినపడుతున్నట్టే ఉంది. గొంతు నేననుకున్నంత బొంగురుగా లేదు. అన్నేళ్ళుగా నా తలలో ఉన్నది వేరే గొంతు, అది తెలిసేసరికి నాకు ఏడుపొచ్చింది.

బావ మీటరు వైపు చూశాడు. తెర మీద ఉన్న అంకె ఒకటి, పని నెత్తిన పడ్డప్పుడు నిజంగా అందుతున్నది ఒకటి. "ఇంకో మెట్టుంది. దాని పైన ఆ రోజు కాలిన మెట్టు" అన్నాడు. స్విచ్ వైపు చెయ్యి చాపాడు. "వద్దు. తీసేద్దాం. రెండు అక్షరాలైనా దొరికాయి."

"ఇంకొక్క మెట్టు" అంది అక్క.

ఆ మాట దాని నోట నేనెన్నడూ వినలేదు. బావ కూడా విని ఉండడు, తిరిగి చూశాడు.

"పోతే?"

"ఆ రోజు మీరు టీకి వెళ్ళలేదు, పేరు చెప్పలేదు. ఇవాళ రెండూ చేద్దాం. నా వేలు ఆగకపోతే నేనే ఆపేయమంటాను."

ఎక్కించాడు. మళ్ళీ వెళ్ళి టీ తాగాం. ఎవరికీ తాగాలని లేదు, అయినా చివరిచుక్క దాకా తాగాం. తిరిగొచ్చాక అక్క వేలు ఆనించింది. దాని మొహం బిగుసుకుంది. పేరు మొదలుపెట్టింది. మామూలుగా కంటే నెమ్మదిగా చెప్పింది. సగంలో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వేడికో మరి దేనికో. చివరి అక్షరం దాకా చెప్పి అప్పుడు తీసింది. వేలు ఎర్రగా ఉంది.

"ఆగింది. పెట్టండి."

నాన్న తల ఇటు తిప్పాడు. లేత్ స్నేహితుడు ఏదో అడిగినట్టున్నాడు. "మా పెద్దల్లుడు రేపొద్దున్నకల్లా చూపిస్తానన్నాడు" అన్నాడు నాన్న. "చూసే బస్సెక్కుతాను."

"ఒక్క పూటలో అయ్యే పనేనా అది?" అన్నాడు స్నేహితుడు.

"అతనన్నాడు కదా, అవుతుంది. మా అల్లుడు చెయ్యున్నవాడు."

అని, కెమెరా తనవైపే ఉందని చూసి, సిగ్గుపడి, "నువ్వు భోంచేశావా అమ్మా? ముందు తిను పో" అని చెయ్యి అడ్డంపెట్టాడు. అక్కడితో ఆ ముక్క అయిపోయింది. లాప్‌టాప్‌లో అంతా వచ్చింది.

మిగతా ముక్కలు చూడాలని నాకు లేకపోలేదు. నా పెళ్ళి అది, నేనింకా చూడలేదు. నోరు తెరవబోయాను. బావ అప్పటికే స్విచ్ కట్టేశాడు. "చాలు. దాన్ని చల్లారనిద్దాం" అన్నాడు. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. పైన ఎవరో మెట్లు దిగి వెళ్ళారు.

బావ తన కుడిచేతిని బల్ల మీద పెట్టి దానివైపే చూస్తూ కూర్చున్నాడు. "పొద్దున్నే తయారై వచ్చి కూర్చున్నాడు కదే" అన్నాడు అక్కతో. "చూసే వెళతానని, ఇస్త్రీ చొక్కా వేసుకుని." ఇరవై రెండేళ్ళు ఆయన మోసింది మామగారు నమ్మలేదన్న బాధ. నమ్మాడని తెలిశాక ఆ బాధ తగ్గిందో, రెట్టింపయిందో నాకు తెలియదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి అలాగే ఉన్నాడు.

అక్క కాలిన వేలు చీరకి తుడుచుకుని, బల్ల మీదున్న ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆయన కదల్లేదు. చెయ్యివైపు కాకుండా నల్లటి తెరవైపు చూస్తున్నాడు. స్పర్శ లేని చెయ్యి, ఆయనకి తెలిసి ఉండదు.

"పట్టుకున్నానండీ" అని చెప్పింది అక్క.